ఫుకెట్‌లో ఐదు రోజులు: సరుకులకీ తిరుగుడికీ ఎవరికి ఏ దారి చవక

విమానం టికెట్టూ హోటలు గదీ నెలల ముందు నుంచే వెతుకుతాం. నాలుగు చోట్ల ధరలు చూసి, వంద రూపాయలు తగ్గేదాకా ఆగి కొంటాం. థాయ్‌లాండ్ దీవి ఫుకెట్‌లో దిగాక రోజూ చేతిలోంచి జారిపోయే డబ్బుకి మాత్రం అంత లెక్క వెయ్యం. ఆ డబ్బులో పెద్ద భాగం తిండికీ తిరుగుడికీ పోతుంది.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మేమిద్దరమే. రెండోసారి మా అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురం. ఒకే ఊరు, ఒకే సముద్రం. కానీ మొదటిసారి చవకైన పద్ధతే రెండోసారి ఖరీదైంది. అందుకే ‘ఫుకెట్‌లో ఏది చవక’ అని ఎవరైనా అడిగితే, ముందు మీరెంతమంది, ఎవరెవరు అని అడుగుతాను.

ధరలన్నీ థాయ్ డబ్బు బాట్‌లో రాస్తున్నాను. బాట్‌కి మూడు రూపాయలు వేసుకోండి. అసలు రేటు కొంచెం తక్కువే ఉంటుంది కానీ, మూడుతో గుణిస్తే లెక్క సులువు, పైగా చివర్లో కొంత మిగులుతుంది. ఇవి స్థిరమైన ధరలు కావు. కాలాన్నిబట్టీ బేరాన్నిబట్టీ పదో ఇరవయ్యో అటూ ఇటూ అవుతాయి.

## ముందు తేల్చుకోవాల్సినవి

ధర తలకా, బండికా? బస్సులో తలకింత. గ్రాబ్ లాంటి యాప్‌లో పిలిచే కారులో బండికింత. ఇద్దరు వెళ్తే బస్సుకి తిరుగులేదు. నలుగురు దాటితే తేడా బాగా తగ్గిపోతుంది, సామాన్లుంటే కారే మేలనిపిస్తుంది.

గదిలో ఏముంది? పొయ్యి ఉన్న అపార్ట్‌మెంటా, ఫ్రిజ్జూ కెటిలూ ఉన్న గదా, రెండూ లేనిదా? సరుకులు కొనడంలో లాభం ఉందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. నా అనుభవంలో పొయ్యి కన్నా ఫ్రిజ్జే ముఖ్యం. ఎందుకో కింద చెప్తాను.

సాయంత్రం ఆరు తర్వాత బయట తిరుగుతారా? ఫుకెట్‌లో అన్నిటికన్నా చవకైన బళ్లు చీకటి పడకముందే ఆగిపోతాయి. రాత్రి బయట ఉండేవాళ్ల లెక్క వేరు.

చేపా మాంసం తింటారా? తింటే ఊరంతా మీదే. శాకాహారులైతే కొంచెం ముందస్తు ఏర్పాటు కావాలి.

మోటార్‌సైకిల్ నడపడానికి చెల్లే లైసెన్సు ఉందా? నడపడం వచ్చా అని కాదు, కాగితం ఉందా అని అడుగుతున్నాను.

## అన్నిటికన్నా ముందు గది ఎక్కడ

సరుకుల ఖర్చూ రవాణా ఖర్చూ వేరు వేరుగా తగ్గించుకోవచ్చని మొదట్లో నేనూ అనుకున్నాను. గది తీసుకున్న చోటే ఆ రెండిటినీ తేల్చేస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు కొండ మీద, సముద్రం కనబడే గది చవకగా దొరికిందని తీసుకున్నాం. రాత్రికి ఐదు వందల బాట్ మిగిలిందని సంబరపడ్డాం. కిందికి దిగాలంటే కారు, మంచినీళ్ల సీసా కావాలన్నా కారు. ఒక్కో విడత సుమారు 150 బాట్ చొప్పున రోజుకి నాలుగుసార్లు ఎక్కితే ఆరు వందలు. మిగిలిన ఐదు వందలూ పోగా ఇంకో వంద మనమే ఎదురు పెట్టుకున్నట్టు. సముద్రానికీ మార్కెట్టుకీ నడిచి వెళ్లగలిగే గదికి కాస్త ఎక్కువిచ్చినా అది దండగ కాదు.

| ప్రాంతం | సముద్రం | సరుకులు | బళ్లు | ఎవరికి సరిపడుతుంది |
|---|---|---|---|---|
| పటోంగ్ | నడక దూరం | బాన్‌జాన్ మార్కెట్, బిగ్ సి సూపర్‌మార్కెట్ రెండూ ఊరి మధ్యలోనే | అన్నీ దొరుకుతాయి | కుర్రాళ్ల జట్లు, రాత్రి తిరిగేవాళ్లు |
| కరోన్, కటా | నడక దూరం, శుభ్రంగా ఉంటుంది | చిన్న దుకాణాలు, వారానికి రెండు రోజులు గుడి సంత | స్మార్ట్ బస్, నీలం సోంగ్‌థెవ్ (బల్లలు వేసిన షేర్ ట్రక్కు) | పిల్లలు, పెద్దవాళ్లున్న కుటుంబాలు |
| రవాయ్ | ఈతకి పనికిరాదు, పడవల రేవు | చేపల మార్కెట్ ఉంది | సొంత బండి లేకపోతే కష్టం | రెండు మూడు వారాలు ఉండేవాళ్లు |
| పాత ఫుకెట్ టౌన్ | లేదు | అన్నిటికన్నా చవక | సోంగ్‌థెవ్‌లన్నీ ఇక్కడి నుంచే | తిండి, వీధులు చూడాలనుకునేవాళ్లు |

పటోంగ్‌లో రాత్రంతా చప్పుడే. బార్లతో నిండిన బంగ్లా రోడ్డుకి నాలుగైదు వీధుల దూరంలో గది తీసుకుంటే నిద్ర పడుతుంది, మార్కెట్టు నడక దూరంలోనే ఉంటుంది. రవాయ్‌లో గదుల ధరలు చూసి చాలామంది ఆశపడతారు. అక్కడి తీరం లోతు లేనిది, నిండా పొడవు తోక పడవలు. ఈతకి నై హార్న్ తీరానికి వెళ్లాలి, అంటే మళ్లీ బండి కావాలి. పిల్లలతో వెళ్తే నేను కటాకే ఓటేస్తాను.

## విమానాశ్రయం నుంచి తీరానికి

విమానాశ్రయం దీవికి ఉత్తరపు కొసన ఉంది. పటోంగ్‌కి గంట ప్రయాణం, కటాకి ఇంకాస్త ఎక్కువ. నాలుగు దారులున్నాయి.

స్మార్ట్ బస్ పడమటి తీరం వెంబడే సురిన్, కమలా, పటోంగ్, కరోన్, కటా మీదుగా రవాయ్ దాకా పోతుంది. ఏసీ ఉంటుంది, టికెట్టు తలకి సుమారు 100 బాట్. మినీ వ్యాన్ పటోంగ్‌కి తలకి 200 దాకా తీసుకుంటుంది, అందరినీ వాళ్ల వాళ్ల హోటళ్ల దగ్గర దింపుతుంది. అయితే దారిలో ఏదో టూర్ ఆఫీసు ముందు ఆపి, ఎక్కడ దిగుతారు, ఏయే టూర్లు కావాలి అని అడుగుతారు. ‘వద్దు’ అని మర్యాదగా చెప్పి కూర్చుంటే పది నిమిషాల్లో బయలుదేరుతుంది. టాక్సీ పటోంగ్‌కి 800 ప్రాంతంలో, కటాకి 1,000 ప్రాంతంలో. గ్రాబ్, బోల్ట్ యాప్‌లలో దానికన్నా కొంత తక్కువ చూపిస్తాయి, రద్దీ వేళ మాత్రం పెరుగుతాయి.

ఇద్దరికి బస్సు 200, టాక్సీ 800. ఇందులో ఆలోచించడానికేమీ లేదు, బస్సెక్కండి. ఐదుగురికి బస్సు 500, పెద్ద కారు వెయ్యీ ఆ పైన. ఐదు వందలు మిగుల్తాయి నిజమే. కానీ రాత్రంతా ప్రయాణం చేసి, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడనీ నిద్రమొహం పిల్లల్నీ పెట్టెలతో సహా బస్సు స్టాపు నుంచి హోటలు దాకా నడిపించాలి. వచ్చేటప్పుడు కారు, తిరిగి వెళ్లేటప్పుడు పగటి విమానమైతే బస్సు. మేము చేసింది అదే, ఐదుగురున్నా సరిగ్గా సరిపోయింది.

## తీరం నుంచి తీరానికి, ఊరికి

| బండి | ధర తీరు | లాభం | చిక్కు |
|---|---|---|---|
| నీలం సోంగ్‌థెవ్ | తలకి సుమారు 40–50 | అన్నిటికన్నా చవక | సాయంత్రం దాకానే, టౌన్ మీదుగానే |
| స్మార్ట్ బస్ | తలకి, 100 లోపే | తీరం నుంచి తీరానికి నేరుగా | బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎక్కువ |
| గ్రాబ్, బోల్ట్ కారు | బండికి, తీరాల మధ్య 250–400 | ముందే ధర తెలుస్తుంది | వానలో, రాత్రిపూట పెరుగుతుంది |
| టుక్‌టుక్ | బండికి, దగ్గరకైనా 200 | ఎక్కడైనా దొరుకుతుంది | బేరం తప్పదు |
| అద్దె స్కూటర్ | రోజుకి 250–300 | ఇద్దరికి పూర్తి స్వేచ్ఛ | లైసెన్సు, కొండ దారులు |
| అద్దె కారు | రోజుకి సుమారు 1,000–1,300 | కుటుంబానికి, సరుకులకి | పటోంగ్‌లో పార్కింగ్ |

సోంగ్‌థెవ్ అంటే థాయ్‌లో రెండు వరసలు అని అర్థం. ట్రక్కు వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన కప్పు, పక్కలు తెరిచి ఉంటాయి. పల్లెల్లో షేర్ ఆటోలెక్కి పెరిగిన మనకి ఇందులో కొత్తేమీ లేదు. దిగాల్సిన చోట పైనున్న మీట నొక్కితే గంట మోగుతుంది, దిగి డబ్బులివ్వాలి. చిల్లర దగ్గర ఉంచుకోండి.

ఈ బళ్లు ఎందుకు సాయంత్రమే ఆగిపోతాయో తెలిస్తే వాటిని వాడుకోవడం తేలిక. ఇవన్నీ పాత టౌన్‌లో రనోంగ్ రోడ్డు మార్కెట్టు పక్క నుంచి బయలుదేరి, ఒక్కో తీరానికి ఒక్కో దారిలో వెళ్లి, అదే దారిలో వెనక్కి వస్తాయి. పొద్దున్నే మార్కెట్టుకి వచ్చి మధ్యాహ్నానికి ఇంటికి చేరే జనం కోసం నడిచే బళ్లన్న మాట. అందుకే పటోంగ్ నుంచి కటాకి నేరుగా సోంగ్‌థెవ్ ఉండదు, టౌన్‌కి వచ్చి మారాలి. అలా మారడం సమయం దండగ, తీరం వెంబడి వెళ్లడానికి స్మార్ట్ బస్సే మంచిది. కానీ ఒక రోజు టౌన్ చూసి సరుకులు కూడా తెచ్చుకుందామనుకుంటే సోంగ్‌థెవ్‌ని మించింది లేదు. అది దింపేదే మార్కెట్టు ముందు. పొద్దున తొమ్మిదికి ఎక్కి, తలాంగ్ రోడ్డులో పాత ఇళ్లు చూసి, పళ్లూ కూరలూ కొనుక్కుని మూడున్నరకల్లా వెనక్కి బయలుదేరండి. ఐదు దాటితే ఆఖరి బండి వెళ్లిపోయి ఉంటుంది, అప్పుడు కారుకి 400 పెట్టాలి, పొద్దున మిగిలిందంతా పోతుంది.

ఐదుగురికి రానూపోనూ సోంగ్‌థెవ్ 500. కారైతే రెండు విడతలకి 700–800, ఐదుగురంటే పెద్ద బండి కావాలి కాబట్టి ఇంకా ఎక్కువ. ఇక్కడ కుటుంబానికి కూడా సోంగ్‌థెవ్‌దే గెలుపు. పిల్లలకి గాలి కొడుతుంటే సరదా కూడా.

ఫుకెట్ టుక్‌టుక్ బ్యాంకాక్‌లో కనిపించే మూడు చక్రాల బండి కాదు, చిన్న ఎర్ర వ్యాను. నలుగురైదుగురు పడతారు. యాప్‌లో ధర చూసుకుని, అంతకే వస్తావా అని అడగండి. వస్తే ఎక్కండి, లేకపోతే యాప్‌లోనే పిలవండి.

### స్కూటర్ గురించి కాస్త గట్టిగా

హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడిపేవాళ్లకి ఎక్కడైనా నడపగలమనే ధైర్యం ఉంటుంది. పైగా థాయ్‌లాండ్‌లోనూ మనలాగే ఎడమ పక్కనే నడపాలి. అద్దె దుకాణంలో కాగితాలేమీ అడగకుండా తాళం చేతిలో పెడతారు. అందుకే చాలామంది అంతా సవ్యంగానే ఉందనుకుంటారు.

దుకాణం వాళ్లు అడగకపోయినా, దెబ్బ తగిలిన రోజు ఇన్సూరెన్సు వాళ్లు అడుగుతారు. మన ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సులో మోటార్‌సైకిల్ కూడా ఉండి, పర్మిట్‌లో ఆ గడిలో ముద్ర పడితేనే అది స్కూటర్‌కి పనికొస్తుంది. కారుకి మాత్రమే ఉన్న పర్మిట్‌తో స్కూటర్ నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే ప్రయాణ బీమా సాధారణంగా రూపాయి ఇవ్వదు. అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో కాలు విరిగి చేరితే అయ్యే బిల్లు ముందు ఐదు రోజుల కారు ఖర్చు లెక్కలోకే రాదు.

పటోంగ్ నుంచి టౌన్‌కి వెళ్లే కొండ దారి నిటారుగా ఉంటుంది, మలుపులు ఎక్కువ, వాన పడితే జారుతుంది. 125 సీసీ బండి మీద ఇద్దరూ సరుకుల సంచులతో దిగేటప్పుడు బ్రేకులే దిక్కు. కాగితాలుండి, ఇద్దరికీ హెల్మెట్లు పెట్టుకుని, పగలు మాత్రమే నడుపుతామంటే స్కూటర్ చాలా మంచి ఎంపిక. హెల్మెట్ లేకపోతే జరిమానా 2,000 బాట్ దాకా వెయ్యొచ్చు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే పెట్టకండి. నగదు డిపాజిట్టూ పాస్‌పోర్టు జిరాక్సూ తీసుకునే దుకాణాలు వెతికితే దొరుకుతాయి. తీసుకునేముందే బండి చుట్టూ వీడియో తీసుకోండి, పాత గీతలకి కొత్తగా డబ్బులడిగే అవకాశం ఉండదు. పెట్రోలు బంకులోనే కొట్టించండి, రోడ్డు పక్క సీసాల్లో అమ్మేది ఖరీదెక్కువ.

పర్మిట్ లేకపోతే స్కూటర్ని జాబితాలోంచి కొట్టెయ్యండి. రోజుకి 300 మిగిల్చుకోవడానికి అంత ప్రమాదం వద్దు.

## సరుకులు: ఎక్కడ ఏది

| చోటు | ఏం కొనాలి | ఏం కొనకూడదు |
|---|---|---|
| సెవెన్ ఎలెవెన్ | నీళ్లు, పాలు, అత్యవసరాలు | పళ్లు, వారానికి సరిపడా సరుకులు |
| బిగ్ సి, లోటస్ | గుడ్లు, పెరుగు, బ్రెడ్, నూడుల్స్, నీళ్ల డబ్బాలు | చేపలు, మార్కెట్లో దొరికే పళ్లు |
| మాక్రో | పది మంది జట్టుకి పెద్ద మొత్తాలు | ఇద్దరు ముగ్గురికి ఏమీ వద్దు |
| తాజా మార్కెట్లు | పళ్లు, కూరలు, వండిన అన్నం | ప్యాకెట్టు సరుకులు |
| తీరం మీద బండ్లు | కోసిన పళ్లు ఎప్పుడైనా ఒకసారి | నీళ్లు |

కొళాయి నీళ్లు తాగకూడదు. కాబట్టి ఐదుగురికి నీళ్లే పెద్ద పద్దు. సెవెన్ ఎలెవెన్‌లో లీటరున్నర సీసా పదిహేను బాట్ లోపు, అదే నీళ్లు తీరం మీద చిన్న సీసాకి ఇరవై దాకా. వీధుల్లో నీళ్లు పట్టుకునే యంత్రాలుంటాయి, బాట్ నాణెం వేస్తే సుమారు లీటరు వస్తుంది. ఒకసారి ఆరు లీటర్ల డబ్బా కొని, దాన్నే రోజూ నింపుకున్నాం. సంచి కూడా మీదే తీసుకెళ్లండి. 2020 జనవరి నుంచి పెద్ద దుకాణాలు ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం మానేశాయి, ప్రతిసారీ కొత్త సంచి కొనాల్సి వస్తుంది.

ఫ్రిజ్జు ముఖ్యమన్నాను కదా. ఐదు రోజుల సెలవులో నూనె, ఉప్పు, పప్పు, గిన్నెలు తోముకునే సబ్బు కొని వంట మొదలుపెడితే, తిరిగొచ్చేటప్పుడు సగం సీసాలు అక్కడే వదిలెయ్యాలి. వారం లోపు ఉండేవాళ్లకి పూర్తి వంట గిట్టదు. వండిన అన్నం కొనుక్కోవడమే గిట్టుతుంది. మార్కెట్లలో కూరలూ అన్నం అమ్మే దుకాణాలుంటాయి. వాటి దగ్గర ‘ఖావ్ ప్లావ్’ అని అడిగితే ఉత్త తెల్లన్నం సంచిలో కట్టి పదీ పదిహేను బాట్‌కి ఇస్తారు. కొంచెం జిగటగా ఉంటుంది, సోనా మసూరి పొడిపొడి ఆశించకండి. బిగ్ సిలో తీపి లేని పెరుగు వెతికి తెచ్చుకోండి, తీపి కలిపినవే ఎక్కువ కాబట్టి డబ్బా మీద చదవకుండా తియ్యకండి. ఇంటి నుంచి ఆవకాయ, కంది పొడి తెచ్చుకుంటే ఐదుగురి భోజనం 200 బాట్ లోపు అయిపోతుంది. పటోంగ్‌లో ఇండియన్ రెస్టారెంటులో అదే ఐదుగురికి వెయ్యికి తగ్గదు, పన్నెండు పదిహేను వందలైనా అవుతుంది. రోజుకొక పూట ఇలా తిని, రెండో పూట బయట హాయిగా తిన్నాం. రెండు పూటలూ పెరుగన్నమే తినాలంటే పిల్లలు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. సెలవంటే కొత్త రుచులు కూడా కదా.

పచ్చళ్లు చేతి సంచిలో పెట్టనివ్వరు, చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. నూనె కారకుండా రెండు కవర్లు వెయ్యండి. కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి, ఎండు చేపలు తీసుకెళ్లకండి, అనుమతి లేకుండా మాంసపు సరుకులు ఆ దేశంలోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు రెమ్మలు, పళ్లు కూడా వద్దు. మన మూడు లావు కడ్డీల ప్లగ్గు అక్కడ సరిగా పట్టదు, రెండు కడ్డీలది పడుతుంది. కరెంటు వోల్టేజి మనదే.

### చేపలు: కొని వండించుకోవడం

కోనసీమ వాళ్లకీ నెల్లూరు వాళ్లకీ ఇక్కడ పండగే. పటోంగ్‌లో బాన్‌జాన్ మార్కెట్ కింది అంతస్తులో చేపలు, రొయ్యలు, పీతలు కొని పై అంతస్తులో ఇస్తే, కిలోకింత అని తీసుకుని వండి పెడతారు. రవాయ్‌లో సముద్రపు ఒడ్డున చావ్ లే తెగ జాలర్ల పల్లె పక్క మార్కెట్టులోనూ ఇదే పద్ధతి, ఎదురుగా వరసగా వండే హోటళ్లు. మెనూ చూసి చెప్పే రెస్టారెంటు కన్నా ఇది సాధారణంగా చవక, తాజా కూడా.

జాగ్రత్త ఒక్కటే. బోర్డు మీద ధర కిలోకా, వంద గ్రాములకా చూడండి. థాయ్‌లో వంద గ్రాముల కొలతకి ‘ఖీద్’ అనే మాటే ఉంది. ‘180’ అని చూసి కిలో అనుకుంటే, బిల్లు పదింతలొస్తుంది. బేరం కూడా ఆడొచ్చు, పొద్దెక్కాక ఇంకా తగ్గుతారు. వండే ధర ముందే అడిగి, ఆ తర్వాత చేప కొనండి.

ఇద్దరికి ఇది ఒక పూట సరదా. ఆరుగురి జట్టుకైతే వండే కూలీ అందరి మీదా పంచుకుంటారు కాబట్టి రోజూ గిట్టుతుంది.

### శాకాహారులకి

మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. థాయ్ వంటలో నామ్ ప్లా, అంటే చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే సాస్, దాదాపు అన్నిట్లోనూ పడుతుంది. ‘కూరగాయలే’ అన్న పళ్లెంలో కూడా. మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు, నామ్ ప్లా ఉంచేస్తారు. పసుపు జెండా మీద ఎర్రగా ‘เจ’ అని థాయ్‌లో రాసి ఉన్న దుకాణం వెతకండి. దాన్ని ‘జే’ అంటారు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, వెల్లుల్లి ఉల్లి కూడా వెయ్యరు. ఉల్లి తినని ఇళ్లవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి. ఇలాంటి దుకాణాలు పాత టౌన్‌లో ఎక్కువ, తీరాల్లో తక్కువ.

ఫుకెట్‌లో ఏటా చైనా పంచాంగం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులూ శాకాహార పండగ జరుగుతుంది. టౌన్ వీధులన్నీ పసుపు జెండాలే, బండ్ల మీద జే వంటలే. 2023లోనూ 2024లోనూ ఇది మన దసరా నవరాత్రుల రోజుల్లోనే వచ్చింది. అన్నేళ్లూ అలా కలవదు, 2025లో నెల తర్వాత వచ్చింది. కాబట్టి తేదీలు చూసుకుని దసరా సెలవులకి కలిస్తే వెళ్లండి. శాకాహార కుటుంబానికి ఏడాదిలో అదే చవకైన వారం. కానీ అది వానాకాలపు చివర. పడమటి తీరంలో అలలు పెద్దవి, ఎర్ర జెండా పెట్టిన రోజు నీళ్లలోకి దిగకూడదు. సముద్రస్నానమే ముఖ్యమనుకునేవాళ్లు డిసెంబరు నుంచి మార్చి మధ్య వెళ్లాలి, గదుల ధరలు అప్పుడే పైకి పోతాయి.

పళ్ల విషయానికొస్తే, మేలో వెళ్తే మామిడీ రంబుటానూ మాంగోస్టీనూ అన్నీ దొరుకుతాయి. ఫుకెట్ అనాసపండు చిన్నది, చాలా తీపి, ఎప్పుడైనా తినొచ్చు. దురియన్ మాత్రం గదికి తేవద్దు, చాలా హోటళ్లు వాసనకి జరిమానా వేస్తాయి.

## ఎవరికి ఏది

కొత్త జంటకి: కటాలో నడక దూరం గది. రానూపోనూ స్మార్ట్ బస్, టౌన్‌కి ఒక రోజు సోంగ్‌థెవ్. పర్మిట్ ఉంటే రెండు రోజులు స్కూటర్. సరుకుల జోలికి పెద్దగా పోవద్దు. నీళ్లు, పళ్లు, పొద్దున్నకి పెరుగూ బ్రెడ్డూ కొనుక్కుని, మిగతాది సంతల్లో తినండి. కరోన్ గుడి ఆవరణలో మంగళ, శుక్రవారాల సాయంత్రం సంత ఉంటుంది, ఆదివారం తలాంగ్ రోడ్డులో వీధి సంత. ఆదివారం సంతకి మాత్రం తిరుగు ప్రయాణం కారులోనే, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

పిల్లలు, పెద్దవాళ్లున్న ఐదుగురికి: కటా లేక కరోన్‌లో ఫ్రిజ్జున్న పెద్ద గది, లేకపోతే చిన్న అపార్ట్‌మెంటు. వచ్చేటప్పుడు కారు. రోజుకొక పూట కొన్న అన్నం, ఇంటి పచ్చడి. దూరం తిరగాల్సినవన్నీ ఒకే రోజుకి పెట్టుకుని ఆ రోజుకి అద్దె కారు తీసుకోండి, వచ్చేదారిలో బిగ్ సిలో ఆగి నీళ్లూ గుడ్లూ వేసుకోవచ్చు. కారుకి కూడా పర్మిట్ కావాలి. లేకపోతే డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి, ఖరీదెక్కువైనా ఐదుగురి మీద పడితే తేలికే.

ఆరేడుగురు స్నేహితులకి: పటోంగ్‌లో రెండు పడకగదుల అపార్ట్‌మెంటు. వంట గిట్టేది వీళ్లకే, ఎందుకంటే నూనె సీసా, ఉప్పు ప్యాకెట్టు ఖాళీ అయ్యేదాకా వాడతారు. బాన్‌జాన్ చేపలకి వండే కూలీ పంచుకుంటే తేలికే, దగ్గరి చోట్లకి రెండు టుక్‌టుక్‌లు మాట్లాడుకున్నా తలకి పంచుకుంటే బస్సు ధరకే వస్తాయి. రాత్రి ప్రయాణాలకి మాత్రం యాప్ కారే.

రెండు వారాలకి మించి ఉండేవాళ్లకి: ఇంటి నుంచి పని చేసుకుంటూ సముద్రం దగ్గర ఉండాలనుకునేవాళ్లకి రవాయ్ నప్పుతుంది. నెలవారీ స్కూటర్ అద్దె రోజువారీ కన్నా చాలా తక్కువ, వంటగది కూడా అప్పుడే లాభం. కానీ పర్మిట్ లేకపోతే రవాయ్ వద్దు, రోజూ కార్లకే సరిపోతుంది.

డబ్బు తీసేటప్పుడు ఒక మాట. అక్కడి ఏటీఎంలు మన కార్డు మీద ప్రతిసారీ 220 నుంచి 250 బాట్ దాకా కోసేస్తాయి. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. సోంగ్‌థెవ్‌లో ఐదుగురం టౌన్‌కి వెళ్లే ఖర్చు దాదాపు అంతే. కాబట్టి ఐదు రోజుల నగదు ఒకేసారి తీసుకుని, రూపాయల్లో లెక్క వెయ్యాలా బాట్‌లో వెయ్యాలా అని తెర మీద అడిగితే బాట్ అనే నొక్కండి.